రాగి సెంటు దొరికిన అసలు చోటు

వెర్మాంట్ రాష్ట్రం, బెల్డెన్ కార్నర్స్ ఊళ్ళో, మిల్ రోడ్డులో కాపురముంటున్న ఆల్డెన్ కెచమ్ అనే నేను, వయస్సు ఎనభై ఒకటి, ఊరి మట్టిరోడ్లు చదును చేసే గ్రేడరు ముప్పై నాలుగేళ్ళు నడిపి రిటైరైనవాణ్ణి, స్థిరమైన బుద్ధితో, ఒకరి ప్రోద్బలం గానీ బెదిరింపు గానీ లేకుండా, నా చేత్తో నేనే రాసుకుంటున్న వీలునామా ఇది. బుద్ధి బాగానే ఉందని డాక్టరు చెప్పాడు. మోకాళ్ళ సంగతి చట్టం అడగదు గనక నేనూ చెప్పను.

1. ఇంతకు ముందు రాసిన వీలునామా ఒక్కటే. అందులో సర్వం నా భార్య ఆర్లీన్‌కి రాశాను. ఆవిడ నాకంటే ముందే వెళ్ళిపోయింది గనక అది చెల్లదు. చెల్లకపోయినా దాన్ని బీరువాలోనే ఉంచండి. ఆవిడ దాని మూల మీద పెన్సిలుతో ‘ఇన్ని ఇచ్చేవాడివి, ఆ బురద బూట్లు బయట విప్పొచ్చుగా’ అని రాసిపెట్టింది.

2. ఈ వీలునామా అమలు బాధ్యత నా కూతురు జాయిస్‌ది. ఇల్లు, ట్రక్కు, మేపుల్ చెట్ల రసం కాచి పాకం చేసే పెనాలు, పాకం గుడిసె, దాని చుట్టూ ఉన్న చెట్లు జాయిస్‌కే చెందాలి. పెద్ద పెనం ఎడమ మూల కారుతుంది. వాళ్ళమ్మకు తెలిసిన కిటుకు దానికీ తెలుసు. ఫ్రిజ్‌లో కింది అరలో ఆలివ్ నూనె సీసా ఉంది. అందులో తేలుతున్నవి ఆలివ్ కాయలు కావు, నేల్లోంచి తవ్వి, మట్టి వదలాలని నానబెట్టిన రాగి నాణేలు. ఒకసారి చూసుకోక సలాడ్‌లో పోసుకుని, ‘నాన్నా, ఈ ఇంట్లో తిండికీ తుప్పుకీ తేడా లేదా’ అని అరిచింది. ఆ సీసా కూడా దానికే.

3. నా స్నేహితుడు గస్ టాట్రోకి నేల్లోని లోహాన్ని పసిగట్టి మోగే నా డిటెక్టరు, చెవులకు పెట్టుకునే ఫోన్లు, వంకరపార. వీటితో పాటు ఒక పళ్ళు తోముకునే బ్రష్షు కూడా ఇస్తున్నాను. ఎందుకో వాడికి తెలుసు. 1994లో కాగ్‌స్వెల్ వాళ్ళ పొలంలో నాకు దొరికిన రాగి నాణేన్ని, ‘ఉండరా, శుభ్రం చేసిస్తా’ అని తీసుకుని ఈ బ్రష్షుతోనే రుద్దాడు. అది వెర్మాంట్‌లోనే అచ్చుకొట్టిన పాత నాణెం, కొండల వెనక సూర్యుడు ఉన్నది. సూర్యుడు ఉండేవాడు అనాలి. ఇరవై ఎనిమిదేళ్ళుగా నేను దీన్ని మనసులో పెట్టుకున్నాను. ఇప్పుడు తీసేస్తున్నాను. నేను చేసినదాని ముందు బ్రష్షు ఏపాటిది? ఆరో క్లాజు చదివాక వాడికే తెలుస్తుంది.

4. నా నాణేల పుస్తకాలు, తక్కెడ, భూతద్దం మా డిటెక్టర్ల క్లబ్బుకి. దానితో పాటు ఉచిత సలహా. నేల్లోంచి వచ్చిన రాగి నాణేన్ని చూడగానే ఇదేమిటో చెప్పేవాడు అబద్ధాలకోరు. ముందు దాన్ని తూచండి. తర్వాత అంచు చూడండి. తర్వాత గదిలో దీపం ఆర్పి, టార్చిలైటు పక్కవాటుగా పట్టి నాణేన్ని మెల్లగా తిప్పండి. ఒక కోణంలో ఒక్క క్షణం బొమ్మ లేస్తుంది. ఆడమనిషి తల వెనక రిబ్బను కనిపిస్తే మన పెద్ద సెంటు, డాలరులో నూరో వంతు. గద్దె మీద కూర్చున్న ఆవిడ కనిపిస్తే సముద్రం దాటొచ్చిన అర్ధపెన్నీ. ఏమీ కనిపించకపోతే కోటు గుండీ. అన్నిటికంటే ముఖ్యంగా బొటనవేలితో రుద్దకండి. మన నేల పులుపుకి బొమ్మ పచ్చటి చిలుములోనే మిగిలి ఉంటుంది, కింద రాగిలో ఉండదు. చిలుము పోతే బొమ్మా పోతుంది. కొత్తవాళ్ళకి ఈ మాట నేను కనీసం వందసార్లు చెప్పి ఉంటాను. ఊరందరికీ నీతులు చెప్పే నోరు నాది.

5. నా మంచం కింద నోటుపుస్తకాలు రెండున్నాయి. నీలం అట్టది క్లబ్బులో చూపించేది. నల్ల అట్టది నిజమైనది. మా వాళ్ళెవరికీ దీనికి వివరణ అక్కర్లేదు. నాణెం దొరికిన చోటు నిజంగా చెప్పే మనిషి మా క్లబ్బులో లేడు. మంచి చోటు దొరికిందని నోరు జారామా, శనివారం పొద్దున్నకి అక్కడ ఆరు ట్రక్కులు ఆగి ఉంటాయి. గస్ నోట్లో నువ్వుగింజ నానదు, వాడొక్కడికి చెప్పినా చాలు. అందుకే అందరం ఏటికి ఇవతల దొరికినదాన్ని అవతల దొరికిందని రాస్తాం. వినేవాడికీ తెలుసు అబద్ధమని, చెప్పేవాడికీ తెలుసు వాడు నమ్మలేదని. దాన్ని మేమెవరం పాపం అనుకోలేదు.

నల్ల పుస్తకాన్ని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఉంటున్న రిటైర్డ్ టీచరు రోవెనా వికమ్ గారికి ఇవ్వాలి. 2009 అక్టోబరు పేజీలో గుర్తుగా గుడ్డముక్క పెట్టాను.

6. ఇక అసలు క్లాజు. జాయిస్, దీన్ని నెమ్మదిగా, గట్టిగా చదువు. రోవెనా గారు ఆ గదిలో ఉండాలి.

2009 అక్టోబరులో, కొలంబస్ డే సెలవు రోజున, ఆర్లీన్ పుట్టింటి నుంచి మాకు వచ్చిన ఎగువ అడవిలో, ఎవరూ ఎరగని ఒక పునాది గొయ్యి దగ్గర నాకు ఒక రాగి సెంటు దొరికింది. ఇల్లు కూలి రెండు వందల ఏళ్ళయింది. రాళ్ళు పేర్చిన గొయ్యి, ముందు ఒక గడప రాయి, పక్కన ఊదాపూల లైలాక్ పొద మిగిలాయి. గడప రాయికి మూడడుగుల దూరంలో, ఆకుల కింద జానెడు లోతున ఉంది సెంటు. ఇంటికొచ్చి టార్చిలైటు పట్టి తిప్పితే రిబ్బను లేచింది. ఇంకొంచెం తిప్పితే నాణెం మీది ఆడమనిషి బుగ్గ మీద గీతలు కనిపించాయి. గీతలు కావు, అక్షరాలు. ‘ఎ. వికమ్’ అని ముద్ర, దాని పక్కన చిన్న గుర్రపు నాడా. ఆ కాలంలో కొందరు కమ్మర్లు కొడవళ్ళ మీద కొట్టే పేరుముద్రనే సెంట్ల మీద కూడా కొట్టి వదిలేవాళ్ళు, చేతులు మారినకొద్దీ పేరు ఊళ్ళు తిరుగుతుందని.

క్లబ్బు మీటింగుకి పట్టుకెళ్ళాను. ఆ ఏడాది మేటి వస్తువని కప్పు ఇచ్చారు. ఎక్కడ దొరికిందని అడిగారు. అందరిలాగే నేనూ అబద్ధం చెప్పాను. ఏటి అవతల, అక్కడికి రెండు మైళ్ళు, మెరిల్ వాళ్ళ పచ్చికలో అన్నాను. ఎవరో దాన్ని వారపత్రికకి ఎక్కించారు.

ఆ ముక్క రోవెనా గారు చదివారు. ఆవిడ మా క్లబ్బు మనిషి కాదు. మా ఆట ఆవిడకి తెలియదు. అచ్చులో ఉన్నది నమ్మారు.

ఆసా వికమ్ ఆవిడ తల్లి తాతకు తాత, ఆవిడ పెట్టుకున్నది తల్లి వైపు ఇంటిపేరే. బానిసగా పుట్టి, విడుదలై, కనెటికట్ నుంచి కాలినడకన ఇక్కడికొచ్చి కొలిమి పెట్టుకున్నాడు. ఆయన గురించి మిగిలింది చర్చి పుస్తకంలో ఒక్క వాక్యం: ‘నల్లవాడు ఆసా వికమ్, కమ్మరి, భార్య డైనా, బిడ్డకు బాప్తిస్మం.’ పన్నుల పుస్తకంలో లేడు, పటంలో లేడు. ఆయన ఇల్లు ఎక్కడుండేదో కనుక్కోవాలని రోవెనా గారు, ఆవిడ తల్లి ఆడెల్ గారు వేసవి సెలవలన్నీ పాత కాగితాల మధ్య గడిపారు. కాగితాలు ఆయన ఇంటిని రాయడం మరిచాయి. నేను తప్పుగా రాశాను. రెండిట్లో ఏది ఎక్కువ పాపమో నాకు తెలుసు.

వాళ్ళిద్దరూ రెండున్నర గంటలు కారులో ప్రయాణం చేసి మా ఇంటికొచ్చారు. ఆడెల్ గారికి అప్పటికి తొంభై ఒకటి, చక్రాల కుర్చీ. ఆర్లీన్ డోనట్లు వేయించి పెట్టింది. రోవెనా గారు నన్ను అడిగింది ఒక్కటే. ‘కెచమ్ గారూ, ఒక్కసారి ఆ చోటుకి తీసుకెళ్ళి చూపిస్తారా?’

తీసుకెళ్ళాను. మెరిల్ పచ్చికకి.

ఎందుకు? చాలా ఏళ్ళు, పరువు కోసమని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. కప్పు తీసుకున్నాక అబద్ధమని ఎలా చెప్పను, పత్రికలో వచ్చాక ఎలా మార్చను, అని. అదీ అబద్ధమే. అసలు కారణం ఇది: ఆ గొయ్యిలో ఇంకా నా తవ్వకం పూర్తవలేదు. మంచు పడేలోగా ఇంకో మూడు శనివారాలున్నాయి. ఆ మూడు శనివారాల కోసం తొంభై ఒక్కేళ్ళ ముసలామెని ఆవుల పచ్చికలోకి తోసుకెళ్ళి, ఒక ఆపిల్ చెట్టు చూపించి, ఇక్కడేనండీ అన్నాను. ఆవిడ కుర్చీలోంచి వంగి మట్టి మీద అరచెయ్యి ఆనించింది. చాలాసేపు తియ్యలేదు. తర్వాత నా చెయ్యి పట్టుకుని, ‘బాబూ, నువ్వు మా ఇంటి తలుపు తెరిచావు’ అంది.

ఆ రెండో శనివారం ఎగువ అడవిలో నాకు ఒక సుత్తి తల, నాడా మేకులు, కుట్టేటప్పుడు సూది గుచ్చుకోకుండా తొడుక్కునే, చిన్నపిల్ల వేలికి సరిపోయే అంగుస్తాను దొరికాయి. ఆ అంగుస్తాను చూశాక మూడో శనివారం వెళ్ళలేదు. మళ్ళీ ఎప్పుడూ వెళ్ళలేదు.

రెండేళ్ళ తర్వాత ఊరివాళ్ళు చందాలేసుకుని మెరిల్ పచ్చిక దగ్గర రోడ్డు పక్కన గ్రానైటు రాయి నాటారు, ఆసా వికమ్ ఇక్కడ నివసించెను అని. తేలు కుట్టిన దొంగలా టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాను. ఆ రోజే సెంటు రోవెనా గారి చేతిలో పెట్టాను, ఇది మీ ఇంటిది అని. ఇది మాత్రం నిజం. 2013లో ఆడెల్ గారు పోయారు. ‘నన్ను ఆసా గుమ్మం దగ్గర పెట్టండి’ అని అడిగిందట. ఆవిడ అస్థికల బూడిద దేవదారు పెట్టెలో పోసి, మీద ఆ సెంటు పెట్టి, ఆ ఆపిల్ చెట్టు కింద పాతారు. నన్నూ పిలిచారు. గుంట తవ్వుతుంటే జానెడున్నర లోతులో రాయి తగిలింది. రోవెనా గారి మేనమామ కొడుకు పార ఆనించుకుని, ‘పాత ఇంటి పునాదే అయ్యుంటుంది’ అన్నాడు. నేను అవునన్నాను.

ఆర్లీన్‌కి కూడా చెప్పలేదు. జీవితంలో ఆవిడకి దాచింది ఇదొక్కటే. ఆవిడ ఏటా ఆ రాయి దగ్గర పూలమొక్కలు నాటి వచ్చేది.

కావున, ఎగువ అడవిలో ఆ పునాది గొయ్యితో సహా నాలుగెకరాల స్థలం నేను రోవెనా వికమ్ గారికి సర్వహక్కులతో రాసిస్తున్నాను. హద్దులు: తూర్పున కూలిన రాతిగోడ, దక్షిణాన ఏరు, పడమర దుంగలు లాగిన పాత బాట, ఉత్తరాన జాయిస్ మేపుల్ చెట్లు. సుత్తి తల, మేకులు, అంగుస్తాను కోడిగుడ్ల అట్టపెట్టెలో ఉన్నాయి, అవీ ఆవిడకే. వేటినీ రుద్దలేదు.

రోవెనా గారూ, క్షమించమని అడగడానికి నేను అప్పటికి ఉండను. ఉండగా ఎందుకు అడగలేదంటే, భయం.

7. నన్ను ఆర్లీన్ పక్కన పెట్టండి. బూట్లు విప్పి.

పై సంగతులన్నీ నా ఎరుకతో రాసి, 2022 అక్టోబరు 19న, నా వంటింటి బల్ల దగ్గర సంతకం చేశాను.

(సం.) ఆల్డెన్ కెచమ్

సాక్షులు:
బెర్నిస్ గోకీ, పక్కింటి ఆవిడ
నార్మన్ స్లేటన్, టపా వేసే మనిషి
(వీలునామాలో వాటా ఉన్నవాళ్ళు సాక్షి సంతకం చేయకూడదని వకీలు చెప్పాడు. లేకపోతే గస్ చేసేవాడు. వాడు తప్పక చదివేవాడు.)

అనుబంధం

అదే ఆల్డెన్ కెచమ్ అనే నేను, వయస్సు ఇప్పుడు ఎనభై రెండు, బుద్ధి అంతకు ముందు కంటే కొంచెం నయంగా ఉండగా, పై వీలునామాకి చేర్చి రాస్తున్నది.

ఏప్రిల్‌లో పాకం పని అయిపోయాక జాయిస్‌కి వీలునామా చూపించాను, అమలు చేయాల్సింది అదే గనక. నిలబడే చదివింది. ఆరో క్లాజు అయ్యాక కూర్చుంది. ‘నాన్నా, ఇది ఆవిడ ముందు నేను చదవాలా? ఆవిడ నా మొహంలోకి చూస్తుంటే? నువ్వు హాయిగా అమ్మ పక్కన పడుకుని, ఈ సిగ్గు నాకు రాసిపోతున్నావు. ఇల్లొద్దు, పెనాలొద్దు. ఇది మాత్రం నాకు రాయకు.’

వీలునామా అంటే చచ్చినవాడు బతికినవాళ్ళకి ఇచ్చేది అనుకున్నాను. నేను జాయిస్‌కి ఇస్తున్నది నా సిగ్గని నాకు తట్టలేదు.

ఆ ఆదివారం జాయిస్ కారు నడిపింది. స్ప్రింగ్‌ఫీల్డ్‌లో రోవెనా గారి ముందు గదిలో కూర్చుని, నల్ల పుస్తకం తెరిచి, నేనే చెప్పాను. అయ్యాక ఆవిడ లేచి వెళ్ళి కిటికీ దగ్గర నిలబడింది. ‘అయితే మా అమ్మని ఎవరి పొలంలో పడుకోబెట్టాను నేను?’ అంది. ‘పదేళ్ళు. పదేళ్ళుగా అక్కడ ఒక్కతే ఉంది.’ తర్వాత టీ ఇవ్వలేదు, వెళ్ళిపొమ్మనీ అనలేదు. గుమ్మం దాటుతుంటే వెనకనుంచి అంది: ‘మీరే తవ్వాలి. సెంటు కోసం ఎంత జాగ్రత్తగా తవ్వుతారో అంత జాగ్రత్తగా. మోకాళ్ళ నొప్పులని చెప్పకండి.’

మే నెలలో రోడ్ల బురద ఆరాక ఆవిడ వచ్చింది. మెరిల్ కొడుకు సరేనన్నాడు. కానీ ఆపిల్ చెట్టు లేదు. నాలుగేళ్ళ కిందటి మంచు తుఫానులో విరిగితే మొద్దుతో సహా పీకించి, పచ్చిక చదును చేయించాడు. పెట్టె ఎక్కడుందో చెప్పే గుర్తు ఒక్కటీ లేదు. రోవెనా గారు ఇటు నాలుగడుగులు, అటు నాలుగడుగులు వేసి ఆగిపోయారు. అంతవరకు నన్ను చూడని మనిషి నా వంక చూసింది.

పెట్టె దేవదారుది, మేకులు లేవు. లోపల ఉన్న లోహం ఒక్కటే, ఆ సెంటు.

గస్ అప్పటికే పట్టుకుపోయిన నా డిటెక్టరు అడిగి తెచ్చుకున్నాను (మూడో క్లాజు వాడికి ముందే తెలిసిపోయింది, చెప్పింది జాయిస్ కాదు, సాక్షి సంతకం చేసిన నార్మన్). పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా పచ్చిక మీద చాళ్ళు పోసినట్టు అటూ ఇటూ తిప్పాను. కంచె తీగలు, సీసా మూతలు, ఆవు గంట నాలుక వచ్చాయి. తర్వాత మోత వచ్చింది. గుండ్రంగా, లోతు నుంచి, రెండు వైపుల నుంచి ఊపినా ఒకేలాగా. 2009లో విన్నదే. చెవుల ఫోన్లు తీసి రోవెనా గారి చెవులకి పెట్టాను. ‘ఇదేనా?’ అంది. తల ఊపాను.

మోకాళ్ళ మీద కూర్చుని పచ్చికను మూడు వైపులా కోసి, నాలుగో వైపు కదిలించకుండా మూతలా మడిచాను. మట్టి గుడ్డ మీద పోశాను. చివరి నాలుగంగుళాలు పార వాడలేదు, చేత్తోనే తీశాను. పెట్టె చెక్కుచెదరలేదు. తీసి రోవెనా గారి ఒళ్ళో పెట్టాను. మట్టి మళ్ళీ పోసి, పచ్చిక మూసి, అరచేత్తో అద్దాను. మెరిల్ ఆవులకి కూడా తేడా తెలియదు.

ఎగువ అడవిలో గడప రాయి పక్కన లైలాక్ పూసి ఉంది. అక్కడ మళ్ళీ తవ్వాను. ఆడెల్ గారిని ఆసా గుమ్మంలో పెట్టాం. సెంటు పెట్టెలోనే ఉంది. రోవెనా గారు దాన్ని ఒకసారి తీసి చూశారు. వేలు బుగ్గ మీదికి వెళ్ళి, రుద్దకుండా ఆగింది. రోడ్డు పక్క గ్రానైటు రాయిని ఇక్కడికి తరలించమని ఊరికి నా పేరుతో ఉత్తరం రాసి, ఎందుకో అందులో చెప్పాను. వారపత్రికకీ పంపాను. కప్పు క్లబ్బుకి తిరిగిచ్చేశాను.

అందువల్ల:

ఆరో క్లాజులోని నాలుగెకరాలు నిన్ననే దానపత్రంతో రోవెనా వికమ్ గారికి రిజిస్టరైనందున, ఆ క్లాజులో ఇవ్వడానికి ఇంకేమీ మిగల్లేదు. అందులోని ఒప్పుకోలు మాత్రం అలాగే ఉండాలి.

నల్ల పుస్తకం, అట్టపెట్టె కూడా చేతికిచ్చేశాను. కాబట్టి ఈ వీలునామాలో రోవెనా గారికి చెందవలసింది ఒక్కటీ లేదు. వకీలుని అడిగాను. అయితే ఆవిడ సాక్షి సంతకం చేయవచ్చు అన్నాడు. క్షమించారో లేదో ఆవిడ చెప్పలేదు. నేనూ అడగలేదు. సంతకం చేస్తారా అని మాత్రం అడిగాను.

2023 మే 27న, బెల్డెన్ కార్నర్స్ ఎగువ అడవిలో, ఆసా వికమ్, డైనా వికమ్‌ల ఇంటి గడప రాయి మీద కాగితం పెట్టి చేసిన సంతకం.

(సం.) ఆల్డెన్ కెచమ్

సాక్షులు:
బెర్నిస్ గోకీ
రోవెనా వికమ్. సంతకం నా ఎదుటే చేశారు. చోటు నేను చూశాను. ఈసారి సరిగ్గానే రాశారు.